ఇద్దరికీ సమానమంటే ఎవరికి లాభం?

(జూలై 17 సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



జూలై 17 అంటే మనకు కారంచేడు. 1985లో ఇదే రోజున అక్కడి మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ సంగతి మాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. మేము ఇంకో జూలై 17 గురించి చెబుదామని నిలబడ్డాం. అది 1936వ సంవత్సరం, దేశం స్పెయిన్.

ఎక్కడి స్పెయిన్, మన సభలో దాని గొడవేంటి అనుకోవద్దు. ఈమధ్య మా సంఘం కుర్రాళ్ళ మధ్య యుక్రెయిన్ యుద్ధం మీద వాదన వచ్చింది. ఒకడన్నాడు: "పరాయి దేశాలు కొట్టుకుంటే మన సర్కారు ఎవరి పక్షమూ పట్టకుండా ఇద్దరితోనూ సమానంగా ఉంది. అదే తెలివైన పని." రెండోవాడు ఊరుకోలేదు. "పల్లె మీద పడినప్పుడు ఎస్సై కూడా అదే అంటాడు గదరా!" అన్నాడు. ఆ మాట మమ్మల్ని పట్టుకుంది.

ఆ కుర్రాడు చెప్పింది మీకు తెలిసిందే. మోతుబరులు వచ్చి కొడతారు. తలలు పగిలి మనం స్టేషనుకి పోతాం. ఎస్సై వాళ్ళ దగ్గర కూడా ఒక కాగితం రాయించుకుంటాడు. కౌంటర్ కేసు. "రెండు వైపులా కేసు కట్టాం, మాకు అందరూ సమానమే" అంటాడు. వాళ్ళకు పొలముంది, ప్లీడరున్నాడు, పలుకుబడి ఉంది. మనకు వాయిదా పడ్డ ప్రతి రోజూ ఒక రోజు కూలి పోతుంది. నాలుగు వాయిదాలు తిరిగేసరికి రాజీకి రమ్మంటారు. సమానంగా పెట్టిన కేసు ఎవర్ని కుంగదీసిందో చెప్పక్కర్లేదు.

ఒక దేశం విషయంలో, అంతకంటే ఎంతో పెద్ద ఎత్తున, సరిగ్గా ఇదే జరిగింది. అది స్పెయిన్ కథ.

స్పెయిన్ దక్షిణాన అండలూసియా, ఎస్త్రెమదూరా అని రెండు ప్రాంతాలున్నాయి. ఆ రోజుల్లో అక్కడ పెద్ద పెద్ద కమతాలు కొద్దిమంది ఆసాముల చేతిలో ఉండేవి. కింద సెంటు భూమి లేని కూలిజనం. పొద్దున్నే ఊరి నడిబజార్లో నిలబడితే ఆసామి మనిషి వచ్చి ఎవర్ని పిలిస్తే వాళ్ళకే ఆ రోజు కూలి. సంఘం పెట్టినవాణ్ణి పిలవరు. 1931లో రాజు దేశం విడిచిపోయాడు, రిపబ్లిక్ వచ్చింది. 1932లో భూసంస్కరణ చట్టం చేశారు. చట్టమైతే వచ్చింది గాని భూమి పెద్దగా కదల్లేదు. 1936 ఫిబ్రవరి ఎన్నికల్లో వామపక్షాలూ రిపబ్లికన్లూ కలిసిన పాపులర్ ఫ్రంట్ గెలిచింది. మార్చి 25న బదహోస్ అనే ఒక్క జిల్లాలోనే సుమారు 60 వేల మంది కూలీలు దాదాపు మూడు వేల కమతాల్లోకి దిగి దున్నడం మొదలుపెట్టారు.

నాలుగు నెలలు తిరగలేదు. జూలై 17న మొరాకోలో ఉన్న స్పెయిన్ సైన్యం సొంత ప్రభుత్వం మీద తిరగబడింది. మర్నాటికి స్పెయిన్ లోపలి పటాలాల్లోనూ తిరుగుబాటు. కొన్నాళ్ళకే దానికి నాయకుడైనవాడు జనరల్ ఫ్రాంకో. భూస్వాములు, రాజు మనుషులు, చర్చి పెద్దల్లో ఎక్కువమంది అతని వెనక చేరారు.

ఇక్కడొక చిక్కొచ్చింది ఫ్రాంకోకి. గట్టి సైన్యమంతా సముద్రానికి అవతల మొరాకోలో ఉంది. దాటించాలంటే ఓడలు కావాలి. చాలా ఓడల్లో నావికులు తమ అధికారుల మాట వినకుండా ప్రభుత్వం వైపు నిలబడి దారి మూసేశారు. అప్పుడు హిట్లర్ విమానాలు పంపాడు. ముస్సోలినీ పంపాడు. ఆ విమానాల్లో సైన్యం ఆకాశం మీదుగా దాటింది. ఆగస్టు 14న బదహోస్ పట్టణం వాళ్ళ చేతికి చిక్కింది. దొరికినవాళ్ళని ఎద్దుల పోటీలు జరిగే గోదాలోకి తోలి వందల మందిని కాల్చి చంపారు. మార్చిలో భూమి దున్నిన జిల్లా అదే.

మరి మిగతా సర్కార్లు ఏం చేశాయి? స్పెయిన్ ప్రభుత్వం ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వం. దాని దగ్గర బంగారం ఉంది. ఎవర్నీ అడుక్కోలేదు. "డబ్బిస్తాం, ఆయుధాలు అమ్మండి" అంది. ఏ ప్రభుత్వానికైనా ఉన్న హక్కే అది. పక్కనున్న ఫ్రాన్సులో లియాన్ బ్లూమ్ ప్రధాని, సోషలిస్టు. మొదట సరేనన్నాడు. తన మంత్రివర్గంలో చీలిక, బయట బ్రిటన్ అయిష్టం చూసి వెనక్కి తగ్గాడు. ఆగస్టులో "జోక్యం చేసుకోరాదు" అనే ఒప్పందం కుదిరింది. ఇరవై ఏడు దేశాలు చేరాయి. ఏ వైపుకీ ఆయుధాలు పంపకూడదు, ఇద్దరికీ సమానంగా తలుపు మూయాలి. చూసేందుకు లండన్లో కమిటీ. 1936 సెప్టెంబరు 9న మొదటిసారి కూర్చుంది.

ఆ కమిటీలో సభ్యులెవరో చూడండి. బ్రిటన్, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్, వాటితోపాటే జర్మనీ, ఇటలీ! పంపేవాళ్ళే పంపకూడదని సంతకం పెట్టారు. 1937 ఏప్రిల్లో సముద్రం మీద కాపలా మొదలుపెట్టారు. రిపబ్లిక్ చేతిలో ఉన్న తూర్పు తీరానికి కాపలా ఎవరికిచ్చారనుకున్నారు? జర్మనీకి, ఇటలీకి. ఇల్లు దోచినవాడికే ఆ ఇంటి తాళం చెవులివ్వడం ఇది. అదే నెల 26న, సోమవారం, సంత రోజు, జర్మన్ ఇటాలియన్ విమానాలు గెర్నికా అనే చిన్న ఊరిని బాంబులేసి తగలబెట్టాయి. పికాసో పెద్ద బొమ్మ గీసింది ఆ ఊరి గురించే. మొత్తం యుద్ధంలో 70 వేలకు పైగా ఇటలీ సైనికులు ఫ్రాంకో తరపున పోరాడారు. కమిటీ మాత్రం లండన్లో కూర్చుంటూ లేస్తూ ఉంది.

అమెరికా ఆ కమిటీలో లేదు. సొంతంగా చట్టం చేసుకుంది. 1937 జనవరిలో స్పెయిన్లో ఏ పక్షానికీ ఆయుధాలు అమ్మకూడదని తీర్మానించింది. వినడానికి ఎంత బాగుందో! అయితే పెట్రోలు ఆయుధం కాదు. లారీ ఆయుధం కాదు. టెక్సాకో కంపెనీ ఫ్రాంకోకి అరువు మీద చమురు పోసింది. తుపాకులు జర్మనీ నుంచి, చమురు అమెరికా కంపెనీ నుంచి వచ్చాక ఆ చట్టం అతనికేం అడ్డం?

ఇది కొత్త పాఠం కూడా కాదు. అంతకు ముందు 1935 అక్టోబరులో ఇటలీ ఇతియోపియా మీద పడింది. అప్పుడూ అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపింది. ఇటలీకి సొంత ఫ్యాక్టరీలున్నాయి. ఇతియోపియాకి లేవు. నల్లవాళ్ళ దేశం మీద విషవాయువు కురిసింది. నానాజాతి సమితి ఇటలీ మీద ఆంక్షలు పెట్టింది గాని అందులో చమురు కలపలేదు. సూయజ్ కాలువా మూయలేదు. 1936 మేలో రాజధాని అడిస్ అబాబా పడిపోయింది.

ఆ మంటతోనే అమెరికా నల్లవాళ్ళు కొందరు స్పెయిన్ వెళ్ళారు. ఇతియోపియాకి పోలేకపోయాం, అదే శత్రువుతో ఇక్కడ తలపడదాం అనుకున్నారు. వాళ్ళలో ఒకడు ఆలివర్ లా. టెక్సాసులో పుట్టి షికాగోలో నిరుద్యోగుల్ని కూడగట్టినవాడు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసిన లింకన్ బెటాలియనుకి నాయకుడయ్యాడు. సొంత దేశపు సైన్యంలో ఆ రోజుల్లో నల్లవాడికి తెల్లవాళ్ళ మీద అలాంటి అధికారం దొరికేదే కాదు. 1937 జూలైలో బ్రునెతె దగ్గర పోరులో చనిపోయాడు.

ఇప్పుడు అవతలి మాట కూడా చెప్పాలి. ఒక వైపే చెబితే మేమూ ఎస్సై లాంటివాళ్ళమే అవుతాం.

రిపబ్లిక్ వైపు తప్పులు లేవా? ఉన్నాయి. మొదటి నెలల్లో ఆ వైపు ప్రాంతాల్లో ఎంతోమందిని విచారణ లేకుండా చంపారు. దాదాపు ఏడు వేల మంది ఫాదరీలు, సన్యాసులు, నన్‌లు చనిపోయారు. మొరాకోని వలసగానే ఉంచింది రిపబ్లిక్, స్వాతంత్ర్యం ఇస్తామనలేదు. అక్కడి పేద కుర్రాళ్ళని ఫ్రాంకో జీతానికి తీసుకుని స్పెయిన్ పేదల మీదికి తోలాడు. మిగతా తలుపులన్నీ మూస్తే రిపబ్లిక్ సోవియట్ యూనియన్ తలుపు తట్టింది. ఆయుధాలొచ్చాయి. 510 టన్నుల బంగారం మాస్కోకి పోయింది. వెనకే స్టాలిన్ పోలీసులొచ్చి, తమ మాట వినని వామపక్షాల వాళ్ళనే మాయం చేశారు. ఇవన్నీ నిజాలు. అయితే ఒకటి గమనించండి. న్యాయంగా కొనుక్కోనిస్తే ఆ ప్రభుత్వం ఒక్కరి గుప్పిట్లోకి పోయే అవసరం అంతగా ఉండేది కాదు.

రెండో మాట. బ్రిటన్, ఫ్రాన్సు జనం యుద్ధానికి భయపడ్డారు. 1914 నుంచి 18 దాకా లక్షల మంది బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు వాళ్ళు. ఆ భయాన్ని మేము ఎగతాళి చెయ్యం. స్పెయిన్లో నిప్పు రగిలితే యూరప్ అంతా అంటుకుంటుందనుకున్నారు. కాని ఏం జరిగింది? 1939 ఏప్రిల్ 1న ఫ్రాంకో గెలిచానని ప్రకటించాడు. సరిగ్గా అయిదు నెలలకు, సెప్టెంబరు 1న, హిట్లర్ పోలండు మీద పడ్డాడు. రిపబ్లిక్‌కి ఆయుధాలమ్మి ఉంటే ఆ ప్రపంచయుద్ధం ఆగేదని ఒట్టేసి చెప్పలేం. తలుపు మూసినందువల్ల మాత్రం ఆగలేదు. 1939 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ నిషేధం పెద్ద పొరపాటని తన మంత్రుల దగ్గర ఒప్పుకున్నాడు. అప్పటికి బార్సిలోనా పడిపోయింది. దాదాపు అయిదు లక్షల మంది చలిలో నడుచుకుంటూ ఫ్రాన్సు సరిహద్దు దాటారు. ఫ్రాంకో 1975లో చచ్చేదాకా పాలించాడు.

ఇంకోలా ఉండటం కుదరదా అంటే, కుదిరింది. మెక్సికో పేద దేశం. అధ్యక్షుడు లాజారో కార్దెనాస్. ఒక్క సైనికుణ్ణి పంపలేదు. ఇరవై వేల తుపాకులు, రెండు కోట్ల తూటాలు రిపబ్లిక్‌కి ఇచ్చాడు. ఎవరు ఎవరి మీద పడ్డారో నానాజాతి సమితిలో మెక్సికో మనుషులు బాహాటంగా చెప్పారు. ఓడిపోయాక వేలాది మందికి ఇల్లిచ్చారు. ఫ్రాంకో సర్కారుని ఏనాడూ గుర్తించలేదు. దానివల్ల మెక్సికో మునిగిపోలేదు.

మన దేశానికి అప్పుడు సొంత సర్కారు లేదు. బ్రిటన్ ఏదంటే అదే. అయినా కాంగ్రెసు రిపబ్లిక్ పక్షమే పలికింది. 1938లో నెహ్రూ బార్సిలోనా వెళ్ళి బాంబుల మధ్య జనాన్ని చూసొచ్చాడు.

ఇక ఇవాళ్టికి వద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం యుక్రెయిన్ సరిహద్దు దాటింది. మార్చి 2న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో 141 దేశాలు అది తప్పన్నాయి. అయిదు దేశాలు కాదన్నాయి. 35 దేశాలు ఓటెయ్యలేదు. అందులో మనది ఒకటి. ఆ వారం మన పిల్లలు వేల మంది అక్కడ చిక్కుకుని ఉన్నారు. మన తెలుగు పిల్లలు, డాక్టరు చదువుకని పోయినవాళ్ళు, బంకర్లలో ఉన్నారు. వాళ్ళని క్షేమంగా తేవడానికి నోరు కట్టుకున్నారంటే ఒప్పుకుంటాం. పిల్లలు ఇంటికొచ్చాక? తర్వాతి తీర్మానాల్లోనూ ఊరుకోవడమే ఎక్కువ. యుద్ధానికి ముందు మనం కొనే చమురులో రష్యాది నూటికి రెండు వంతులు కూడా లేదు. 2023లో మూడోవంతు దాటింది. చౌకగా వచ్చిందన్నారు. బంకులో పెట్రోలు రేటు మాత్రం 2022 మే నుంచి 2024 మార్చి దాకా అలాగే ఉంది. ఎవరి చౌక అది?

గాజా సంగతీ ఇదే కొలతతో కొలవాలి. 2023 అక్టోబరు 7న హమాస్ మామూలు జనాన్ని చంపింది, ఎత్తుకుపోయింది. ఆ తర్వాత గాజా ఇళ్ళ మీద బాంబులు పడ్డాయి. అక్టోబరు 27న బాంబులాపాలనే తీర్మానం వస్తే మన సర్కారు ఓటెయ్యలేదు. డిసెంబరు 12న వేసింది. యుక్రెయిన్ గురించి గొంతెత్తిన పెద్ద దేశాలు కొన్ని గాజా దగ్గర నోరు మూశాయి. కాబట్టి వాళ్ళు చెప్పిందల్లా న్యాయమని మేము అనం. మన కొలత మన దగ్గరుండాలి.

ఆ కొలత ఏంటి? డాక్టరు ఇద్దరికీ సమానంగా కట్టు కట్టాలి. దెబ్బ ఎవరిదైనా రక్తం రక్తమే. మన సర్కారు మందులు, అన్నం ఇద్దరికీ పంపనీ. రాజీ కుదిర్చే పెద్దమనిషి ఇద్దర్నీ పిలిచి మాట్లాడాలి, అదీ మంచిదే. సైన్యాన్ని పంపవద్దు, మన బిడ్డల్ని చంపవద్దు. ఇంతవరకు సమానం. కాని ఎవరు ఎవరి ఇంటి మీద పడ్డారని అడిగినప్పుడు నిజం ఒక్కటే ఉంటుంది. అక్కడ ఇద్దరూ సమానమంటే సాక్షి మాట మార్చినట్టే. ఇంకో సంగతి. సమానంగా తలుపు మూసే ముందు, ఎవరికి ఇంకో తలుపుందో చూడాలి.

మనకెందుకు అన్న తమ్ముడికి రెండు మాటలు. 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు చెప్పిన కారణాల్లో విదేశాంగ విధానం కూడా ఉంది. ఏడాదికి 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతోంటే ఆకలికి మిగిలేదేంటని ఆయన లెక్కేసి అడిగాడు. పరాయి దేశాల సంగతి పల్లెకు పట్టనిదని ఆయన ఏనాడూ అనుకోలేదు. రెండోది, హైదరాబాద్ కుర్రాడొకడు పనికని రష్యా పోయాడు. దళారీల చేతిలో మోసపోయి సైన్యంలో పడి 2024లో ఆ యుద్ధంలోనే చనిపోయాడు. యుద్ధానికి తటస్థం లేదు. ఇల్లు గడవని బిడ్డ ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది.

ఎంపీ గారు మన ఊరికి ఓట్లకొస్తారు. రోడ్డు, నీళ్ళు అడుగుతాం, అడగాలి. దాంతోపాటు ఈసారి ఇదీ అడుగుదాం: "ఫలానా రోజు మన దేశం పేరుతో ఎందుకు ఓటెయ్యలేదు?" కౌంటర్ కేసులో నలిగినవాళ్ళం మనం. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు కాక ఇంకెవరికి?

జై భీమ్!