లారీ నేర్పువానికి ఎన్నేండ్ల అనుభవము కావలెను?

(జయపురమున జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమునందు ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. పదవ తరగతితో చదువు ముగించి మా తండ్రిగారి ధాన్యపు కొట్టులో కూర్చుండినవాడను. రెండు లారీలు గలవాడను గనుక ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. మన సంఘము పక్షమున ఆరుగురు యువకులకు భారీ వాహనములు నడుపుట నేర్పింపవలెనని క్రిందటి సమావేశమున తీర్మానించితిమి. నేర్పువాడెవరన్నది తేలలేదు. మూడేండ్లు నడిపినవాడు చాలునని ఒకరనిరి. అమెరికా దేశమున రెండేండ్లే అడుగుచున్నారని మరియొకరు చదివి వినిపించిరి. ఆ మాట నిజమే. అక్కడ 2022 ఫిబ్రవరి 7వ తేదీనుండి అమలైన నియమము శిక్షకునికి రెండేండ్లే విధించినది. కాని ఆ నియమము వ్రాసినవారు మన సుంకి ఘాటీని చూడలేదు గదా!

మన చట్టమేమనుచున్నదో చూతము. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 24వది, డ్రైవింగు పాఠశాలలో నేర్పువాడు పదవ తరగతి ఉత్తీర్ణుడై, కనీసము ఐదేండ్లు వాహనము నడిపినవాడై, మోటారు మెకానిక్కు విద్యలో యోగ్యతాపత్రము కలవాడై యుండవలెననుచున్నది. వాహన భాగములు పనిచేయు తీరు చూపి వివరింపగల శక్తియు నుండవలెనట. 2021 జూలై 1వ తేదీనుండి వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రముల నియమములలో చదువు పన్నెండవ తరగతికి పెరిగినది. అనుభవము మాత్రము ఆ ఐదేండ్లే. భారీ వాహనమునకు ఆరు వారములలో 38 గంటల శిక్షణ అని నిర్ణయించిరి. ఇవన్నియు పాఠశాలలకు. బయట నేర్చుకొనువాని ప్రక్కన కూర్చుండువానికి ఆ బండికి చెల్లు లైసెన్సుండి, బండిని ఆపగల చోట కూర్చుండిన చాలును. ఏండ్ల లెక్క లేదు. మన లారీలలో క్లీనర్లుగా చేరి డ్రైవర్లయినవారు పెక్కుమంది ఆ త్రోవన వచ్చినవారే.

ఐదేండ్లనగా ఎట్టి బాటపై ఐదేండ్లు? ఈ ప్రశ్న నాకు 2017వ సంవత్సరము వరకు తోచలేదు. ఆ యేట నా వద్ద క్లీనరుగానున్న యువకునికి నా డ్రైవరొకడు లారీ నేర్పెను. ఆ డ్రైవరు ఆరేండ్లు నడిపినవాడు. చట్టమడిగినదానికంటె ఒక యేడు ఎక్కువ. అయితే ఆ ఆరేండ్లును మిల్లునకును రైల్వే గూడ్సు షెడ్డునకును మధ్య చదునైన బాటమీదనే గడచినవి. కుర్రవానికి లైసెన్సు వచ్చినది. నాలుగు నెలలకు బియ్యపు లోడుతో సాలూరునకు పంపితిని. పంపినది నేనే, వేరొకరు కారు. సుంకి దాటి దిగుడు ఆరంభమైనంతనే వాడు గురువు చూపిన రీతిగా బ్రేకుపై కాలుంచి దిగసాగెను. చక్రములనుండి పొగ వచ్చెను. ఎంత త్రొక్కినను లారీ నిలువలేదు. లోయవైపు పోనీయక కొండవైపు గట్టుకు కొట్టి ఆపగలిగెను. అది వాని ధైర్యము. కుడి పాదము తీసివేయవలసి వచ్చినది. లారీకి బీమా సొమ్ము వచ్చినది. ఆ యువకుడు నేడు నా కొట్టులో చిట్టా వ్రాయుచున్నాడు. ఈ సభలోనే కూర్చున్నాడు. వాని అనుమతితోనే ఇది చెప్పుచున్నాను.

బ్రేకును విడువక త్రొక్కినచో డ్రమ్ములు కాగి లైనింగు పట్టు సడలును. మాటిమాటికి త్రొక్కి వదలినచో ట్యాంకులలో గాలి ఒత్తిడి తగ్గును. కనుకనే, ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుదురు. దిగుడునకు ముందే గేరు తగ్గింపవలెను. వేగము పెరిగిన పిదప తగ్గింపబోయినచో గేరు పడక బండి న్యూట్రలులో మిగిలిపోవును. ఇక ఇంజను పట్టు ఉండదు. ఈ సంగతి నోటితో చెప్పుట సులభము. ఏ మలుపునకు ముందు తగ్గింపవలెనో, వానకాలములో ఎక్కడ మట్టి జారి బాటపైకి వచ్చునో, చలికాలపు మంచులో పొట్టంగి వద్ద ఎంత దూరము కనబడునో, లోడుతో అక్కడ పలుమారులు దిగినవాడే చెప్పగలడు.

అట్లని ముప్పదియేండ్లు నడిపినవాడెల్ల గురువని నేననను. డీజిలు మిగులునని న్యూట్రలులో దిగు పెద్దలను ఎరుగుదును. ఇందు తప్పు వర్తకులమైన మాది. మిగిల్చిన డీజిలునకు బహుమానమిచ్చినది మేమే. నిజమునకు నేటి లారీలలో గేరులోనుండి ఆక్సిలరేటరు వదలినప్పుడు ఇంజనునకు డీజిలు పోదు. న్యూట్రలులోనే ఖర్చగును! మరియు మూడు ఇరుసుల లారీకి 25 టన్నులుగానుండిన మొత్తపు బరువు పరిమితిని 2018లో 28.5 టన్నులకు పెంచిరి. 2020 ఏప్రిలునుండి భారత్ స్టేజి ఆరు ఇంజనులు వచ్చినవి. యూరియా ద్రావణపు ట్యాంకు, హెచ్చరిక దీపములు వచ్చినవి. అంతకుముందే స్టీరింగు విడిచినవాడు వీటిని నేర్పజాలడు.

కావున నా లెక్క యిది. భారీ లారీపై పదేండ్లు. అందులో ఐదేండ్లకు తక్కువ గాకుండ పూర్తి లోడుతో ఘాటీ బాట. కడపటి రెండు మూడేండ్లు క్రొత్త బండ్లపై. ఒక పరీక్షయు పెట్టవలెను. సుంకినుండి దిగుచు, తాను చేయుచున్న ప్రతి పనియు ఎందుకు చేయుచున్నాడో అతడు బిగ్గరగా చెప్పవలెను. చేయగలిగియు చెప్పలేనివారు పలువురు గలరు. వారు మంచి డ్రైవర్లే, వారిచే లోడు పంపుదము, పిల్లలనప్పగింపవలదు.

ఇట్టివాడు దొరకునా యని మీరడుగుదురు. లారీలకు పేరుపడిన సాలూరున ఒక పెద్దమనిషిని చూచి వచ్చితిని. ఇరువది రెండేండ్లు ఈ బాటనే తిరిగినవారు. చిక్కేమనగా చదువు ఏడవ తరగతి. పాఠశాలలో నేర్పుటకు చట్టము ఒప్పదు. అందుచేత ముందుగా మన యువకులను జాజ్‌పూర్ జిల్లా ఛతియాలో రాష్ట్ర ప్రభుత్వమును అశోక్ లేలండ్ సంస్థయు కలిసి నెలకొల్పిన శిక్షణాలయమునకు పంపుదము. ఇరువదియేండ్లు నిండి, తేలిక వాహనపు లైసెన్సు పొంది యేడాదియైనవారినే పంపవలెను. అక్కడ ఒడియాలోనో హిందీలోనో చెప్పుదురు. మన పిల్లలకు రెండును వచ్చును. లైసెన్సు వచ్చిన పిదప మూడు నెలలు సాలూరు పెద్దమనిషి వారి ప్రక్కన కూర్చుండును. ఘాటీ మలుపులో పిల్లవాడు గురువు మాటను మనసులో తర్జుమా చేసికొనుచుండరాదు గనుక, అప్పుడు చెప్పునది తెలుగున నుండుట మేలు.

అందుకు నా లారీ ఒకటి ఆదివారములయందు ఇచ్చెదను. ఇంకను ఇద్దరు యజమానులు తలకొకటి ఇచ్చినచో, ఒక వానకాలము గురువు ప్రక్కననే గడచునట్లు శిక్షణను ఏర్పరుపవచ్చును. ఇవ్వదలచినవారు సభ ముగిసిన పిదప కార్యదర్శిగారివద్ద పేరు వ్రాయింప ప్రార్థన. సాలూరు పెద్దమనిషికి ఈ నెలాఖరులోగా జవాబు చెప్పెదనని మాట ఇచ్చి వచ్చితిని.