అణచరాని వేగములు - అణచవలసిన వేగము





నలోపాఖ్యానమును చెప్పుకొనుచున్న ఈ దినములలో, నిన్నటి ప్రసంగము ముగిసిన పిమ్మట కొందరు పెద్దలు మమ్ము సమీపించి ఒక ప్రశ్న వేసినారు. వారి సంతానము అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నది. చూచివచ్చుటకు వెళ్ళిన తల్లిదండ్రులకు గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను చూపించి, ఆ ప్రయాణములోనే లాస్ వేగాస్ నగరమునకు కూడ తీసికొనిపోవుట అక్కడి మనవారిలో పరిపాటి. ఆ నగరమున కాసినోలను జూదశాలలలో స్లాట్ మెషీన్లు బారులు తీరియుండును. "వినోదమునకై ఇరువది డాలర్లు వేసినాము. ఎంతసేపు కూర్చున్నామో తెలియలేదు. లేచునప్పటికి కాళ్ళు పట్టుకొనిపోయినవి, తల తిరిగినది, మధ్యాహ్నపు మాత్ర మరచిపోయినాము. ఇది దోషమా స్వామీ?" అని అడిగినారు.

దోషమా కాదా అను విచారము అటుండనిండు. ఆ ప్రశ్నలోనే ఒక విశేషమున్నది. వారు పోయిన డాలర్లను గూర్చి చెప్పలేదు. కాళ్ళను గూర్చి, తలను గూర్చి, మాత్రను గూర్చి చెప్పినారు. జూదమున ధనము పోవునని పసివానికిని తెలియును. ధర్మరాజు రాజ్యము పోయిన కథను చెప్పి హరికథకులు మన తాతలను, తండ్రులను, మనలను కూడ ఏడిపించినారు. దేహము పోవునని చెప్పువారే తక్కువ. ఈ దినము ఆ సంగతి చెప్పుకొందము.

ముందుగా ఆ యంత్రమెట్టిదో తెలియవలెను. 19వ శతాబ్దపు చివరి దినములలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున చార్లెస్ ఫే అను పనివాడు మూడు చక్రములు గల నాణెపు యంత్రమును చేసి దానికి 'లిబర్టీ బెల్' అని పేరు పెట్టినాడు. నాణెము వేసి ప్రక్కనున్న పిడిని లాగిన చక్రములు గిరగిర తిరిగి ఆగును. బొమ్మలు కలిసిన డబ్బు వచ్చును. ఆ ఒక్క పిడిని చూచియే ఆ దేశపు జనులు ఇట్టి యంత్రములకు 'ఒంటిచేతి బందిపోటు' అని పేరు పెట్టుకొన్నారు. పేరు తెలిసియు దాని ముందు కూర్చుండుట మనుష్యునికే చెల్లినది! ఆ పిడిని లాగి లాగి స్నాయువులు వాచి బాధపడిన రోగులను గూర్చి 1981లోనే 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అను వైద్యపత్రికలో వ్రాసినారు.

నేడు ఆ పిడి దాదాపు పోయి మీట వచ్చినది. శ్రమ తగ్గినది గదా, నొప్పియు తగ్గవలెను. కాని ఆట వేగము పెరిగినది. నొక్కిన కొన్ని క్షణములలోనే ఫలితము, వెంటనే మరియొక నొక్కు. గంటకు వందలసార్లు అదే వ్రేలు, అదే మణికట్టు, అదే వంచిన మెడ. రెప్ప వాల్చుట తగ్గి కన్నులు ఎండి మండును. కదలని కాళ్ళలో రక్తము మందగించును. ఒక్కొక్కప్పుడు లోపలి సిరలలో గడ్డ కట్టును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. దూరపు విమానప్రయాణములలో నడుమ నడుమ లేచి నడువుడని వైద్యులు చెప్పుట ఇందుకే. సముద్రములు దాటి విమానములో కూర్చుండి వచ్చిన వృద్ధుడు ఇక్కడ మరల ఐదారు గంటలు కదలక కూర్చున్నచో ఏమగునో మీరే ఊహింపుడు.

ఇక శాస్త్రము. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము పేరు 'నవేగాన్ధారణీయము'. వేగమనగా ఇచ్చట తొందర కాదు. దేహము లోపలినుండి వినిపించు పిలుపు. మలము, మూత్రము, శుక్రము, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమచే కలుగు ఊర్పు - ఈ పదుమూడింటిని అణచరాదని మహర్షి శాసించినాడు. మూత్రమును ఆపినవానికి పొత్తికడుపున నొప్పి, మూత్రకృచ్ఛ్రము, తలనొప్పి వచ్చును. దప్పికను ఆపినవానికి నోరు, గొంతు ఎండి, బడలిక పుట్టి, గుండెలో బాధ కలుగును. నిద్రను ఆపినవానికి ఒడలి నొప్పులు, తలబరువు, కన్నుల బరువు. ఇంతవరకు వైద్యులందరు చెప్పుదురు. ఆ వెంటనే చరకుడు మరియొక వరుస చెప్పుచున్నాడు; దానిని చదువువారు అరుదు. లోభము, శోకము, భయము, క్రోధము, ఈర్ష్య మొదలగునవియు వేగములే. అయితే వీనిని అణచవలెను. మొదటి వరుసను విడువవలెను, రెండవ వరుసను పట్టవలెను. ఆరోగ్యమంతయు ఈ రెండు వరుసల వివేకములోనే ఉన్నది.

యంత్రము ముందు కూర్చున్నవాడు ఈ అధ్యాయమును తలక్రిందులు చేసినాడు. మూత్రము, ఆకలి, దప్పిక, నిద్ర - అణచరానివన్నియు అణచినాడు. అణచవలసిన లోభమును మాత్రము కట్లు విప్పి విడిచినాడు. ఇది అతిశయోక్తి కాదు. నటాషా డౌ షూల్ అను మానవశాస్త్ర విదుషి లాస్ వేగాస్‌లో ఏండ్ల తరబడి పరిశోధించి 2012లో 'అడిక్షన్ బై డిజైన్' అను గ్రంథమును ప్రకటించినది. స్థానమును విడువలేక, మూత్రమునకైనను లేవక, ఆకలిదప్పులు తెలియక గంటల తరబడి ఆడినవారి సంగతులు అందున్నవి. ఒడలు నొచ్చి మనుష్యుడు లేచిపోకుండునట్లు ఆసనములను, మీటల స్థానములను ఎంత శ్రద్ధతో అమర్చుదురో కూడ ఆమె వివరించినది. నొప్పి మనలను లేపుటకు భగవంతుడు పెట్టిన కావలివాడు. ఆ కావలివానిని నిద్రపుచ్చి ఇల్లు దోచుట ఈ శిల్పములోని రహస్యము. పందెము కాసినదానికన్న తక్కువ వచ్చినను గంటలు మ్రోగించి, దీపములు వెలిగించి గెలిచినట్లు భ్రమింపజేయుట దీనికి తోడు.

ఆ గ్రంథములో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసిన మాట వేరొకటి ఉన్నది. బాగుగా ముదిరిన ఆటగాండ్రు తాము గెలుచుటకు ఆడుట లేదని చెప్పినారట. ఆడుచునే ఉండుటకు ఆడుదురట. ఆ స్థితిలో కాలము లేదు, దేహము లేదు, దుఃఖము లేదు. ఇది వినిన వెంటనే యువకులు కొందరు, "స్వామీ, ఇది సమాధి లక్షణమువలె నున్నదే" అనవచ్చును. అనవచ్చును గనుకనే చెప్పుచున్నాము. యోగి తన దేహమును మరచుటకు ముందు దానిని శుభ్రపరచినాడు, మితాహారముతో పోషించినాడు, ఆసనముతో స్థిరపరచినాడు, ప్రాణాయామముతో వశపరచుకొన్నాడు. రౌతు శిక్షితమైన గుఱ్ఱమును నీడన కట్టి దిగినట్లు అతడు దేహమును దాటినాడు. జూదరి అట్లు కాదు. గుఱ్ఱమును మరుభూమిలో నీరు లేక విడిచి పారిపోయినాడు. యోగి లేచునప్పుడు ప్రసన్నుడై లేచును. జూదరి లేచునప్పుడు ఎట్లు లేచునో మనము వేరుగా చెప్పనక్కరలేదు. సత్త్వమునకు, తమస్సునకు పైపై పోలిక కలదు; రెండును కదలవు. కొండయు కదలదు, శవమును కదలదు.

శరీరము ధర్మమునకు తొలి సాధనమని కాళిదాసు కుమారసంభవమున చెప్పించినది ఎవరిచేత? వటువేషమున వచ్చిన సాక్షాత్పరమేశ్వరునిచేత. ఎవరికి? ఘోరతపస్సు చేయుచున్న పార్వతికి. తపస్సునకే శరీరమును ఉపేక్షింపరాదని హెచ్చరిక యున్నప్పుడు జూదమునకు ఉపేక్షించినవానిని గూర్చి ఏమనవలెను?

నలచరిత్రమునకు వత్తము. నలుని ఆవేశింపవలెనని కలిపురుషుడు సందు కొరకు పన్నెండవ యేటి వరకు కాచుకొనియున్నాడు. ధర్మాత్ముడైన రాజులో దొరకిన సందు ఏది? అబద్ధమా, అన్యాయమా? కాదు. మూత్రవిసర్జనము చేసి, ఆచమించి, కాళ్ళు కడుగుకొనక సంధ్యనుపాసించినాడు. అంతే. కలి ప్రవేశించినాడు, పుష్కరునితో జూదము మొదలైనది. వ్యాసమహర్షి మహాపతనమునకు ద్వారము దేహశౌచమునొద్ద చూపించుట సామాన్యము కాదు. దేహమును గూర్చిన చిన్న ఏమరుపాటునుండి కలి ప్రవేశించును. ప్రవేశించిన పిమ్మట ఏమరుపాటు తప్ప మరేమియు మిగులదు. అనేక మాసములు నలుడు ఆడినాడు. మంత్రులు, పౌరులు ద్వారమున నిలిచినారు. దమయంతి కన్నీటితో వచ్చి పిలిచినది. రాజు బదులు పలుకలేదు. ఆకలి పిలుచును, దప్పిక పిలుచును, నడుము పిలుచును, ఇంటినుండి భార్య పిలుచును. వినువాడు లోపల లేడు.

జూదశాల నిర్మాణము కూడ ఇట్లే. చాలవాటిలో ఆటస్థలమున గడియారముండదు, బయటి వెలుగు వచ్చు కిటికీ యుండదు. అనగా అది సంధ్య లేని మందిరము. ప్రాతఃకాలము, మధ్యాహ్నము, సాయంకాలము అని దినమునకు మూడు తావులలో నిలిచి, నీరు ముట్టి, లేచి నిలిచి సూర్యుని చూడుమని మన పెద్దలు పెట్టిన నియమము ఎంత ఆరోగ్యకరమో ఇట్టి చోట తెలియును. పొగ సంగతి వేరు. నెవాడా రాష్ట్రమున 2006లో బహిరంగస్థలములలో పొగత్రాగుటను నియంత్రించు చట్టము వచ్చినను కాసినోల ఆటస్థలములకు మినహాయింపు ఇచ్చినారు. జూదమాడుచున్నవారికి మద్యమును ఉచితముగా అందించు ఆచారమొకటి. అది దప్పికను తీర్చదు, పెంచును.

2000లో అదే వైద్యపత్రికలో ప్రకటింపబడిన ఒక అధ్యయనము చూడదగినది. కాసినోలలో హఠాత్తుగా గుండె ఆగి పడిపోయినవారికి అక్కడి కావలి ఉద్యోగులే విద్యుద్ఘాత చికిత్స చేయునట్లు శిక్షణ ఇచ్చినారు. అట్టి 105 మందిలో సగమునకు మించినవారు బ్రతికి ఇల్లు చేరినారు. పడిన మూడు నిమిషములలోపుగా చికిత్స అందినవారిలో నూటికి 74 మంది బ్రతికినారు. యంత్రమే వారి గుండెలను ఆపినదని మేము చెప్పుట లేదు. వృద్ధులు వేలకొలదిగా చేరు చోట ఇట్టివి జరుగును. ఆ ఉద్యోగుల సేవ ప్రశంసనీయమే. ఆ శిక్షణ మన దేవాలయముల సిబ్బందికిని ఉండదగినది.

గృహస్థులు తప్పక వినవలసిన మాట ఒకటి. పార్కిన్సన్ వ్యాధికి, అనగా కంపవాతమునకు ఇచ్చు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి కొన్ని మందుల వలన కొందరిలో, జన్మలో పేకముక్క ముట్టనివారిలో కూడ, అణచుకొనలేని జూదపు కోరిక పుట్టునని వైద్యులు నిర్ధారించినారు. ఇంటి పెద్దలో అకస్మాత్తుగా ఇట్టి మార్పు కనబడిన "ముసలితనమున బుద్ధి గడ్డి తిన్నది" అని నిందింపక వైద్యునికి చెప్పుడు. మందును మాత్రము స్వయముగా మానిపింపరాదు. జూదవ్యసనమును ప్రపంచారోగ్యసంస్థ 2022లో అమలులోనికి వచ్చిన తన వ్యాధుల పట్టికలో చేర్చియున్నది. నింద వలన వ్యసనపరుడు మరింత దాచును. నడుమునొప్పి అని వైద్యునితో చెప్పును. ఎక్కడ కూర్చుండుటచే వచ్చినదో చెప్పడు. కాళ్ళ వాపు చూపును. రాత్రి నిద్ర లేదని చెప్పడు. సగము చెప్పిన రోగమునకు సగము మందే దొరకును. మధుమేహము గలవాడు భోజనవేళను, ఇన్సులిన్ వేళను దాటి కూర్చున్న సంగతి దాచినచో చికిత్సయే తప్పుదారి పట్టవచ్చును.

ఇది అమెరికా మాట మాత్రమే కాదు. గోవాలో 1992లో చట్టమును సవరించి ఐదు నక్షత్రముల హోటళ్ళలో ఈ యంత్రములను అనుమతించినారు. 1996లో నౌకలపై జూదపు బల్లలు వచ్చినవి. మండోవి నదిలోని ఆ నౌకలకు మన తెలుగువారు పోవుచునే యున్నారు. యంత్రము చేతిలోనికి కూడ వచ్చినది. ఫోనులలో పందెపు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. చట్టము దుకాణమును మూయును. బొటనవ్రేలి అలవాటును మాన్పలేదు. అందుకు మనుష్యులు కావలెను. 2022లో ప్రారంభమైన 'టెలి మానస్' సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి మానసిక సహాయమును తెలుగులోనే కోరవచ్చును. వైద్యసహాయము కోరుట భక్తికి లోపమని తలపవద్దు.

ఋగ్వేదము పదవ మండలములోని ముప్పదినాలుగవ సూక్తము అక్షసూక్తము. ఆనాటి పాచికలు తాండ్రచెట్టు కాయలు, త్రిఫలములో కలుపు తానికాయలే. కడుపులోనికి పోయిన ఔషధము, పలకపై పడిన విషము! జూదరి సభకు పోవునప్పటి ఆశ వాని దేహమున కూడ కనబడుటను ఆ ఋషి గమనించినాడు. చల్లని ఆ కాయలు గుండెను దహించుటను గమనించినాడు. చివరకు వానికి చూపిన మార్గము సేద్యము, అనగా దేహము కదలు పని.

ఆ సూక్తమునకు ద్రష్ట కవష ఐలూషుడని ఒక సంప్రదాయము. ఐతరేయబ్రాహ్మణమున ఆయన కథ యున్నది. సరస్వతీతీరమున సత్రయాగము చేయుచున్న ఋషులు ఆయనను జూదరి యని, దాసీపుత్రుడని నిందించి, దప్పికతో మరణింపుమని నీరు లేని ఎడారిలోనికి తోలినారు. దప్పికచే తపించుచు ఆయన జలదేవతల సూక్తమును దర్శించినాడు. సరస్వతి ఆయన చుట్టును పరుగెత్తి ప్రవహించినది. తోలినవారే వచ్చి నమస్కరించి వెనుకకు పిలిచికొనిపోయినారు. నీరు కావలెనని దేహము చేసిన పిలుపును ఆయన అణచలేదు, మంత్రముగా పలికినాడు. అందుచేత ఇంటిలో ఇట్టివారున్నచో తోలిన ఋషులవలె కాక, పిలిచికొని వచ్చిన ఋషులవలె ఉండుడు. ముందుగా మంచినీళ్ళిచ్చి, అన్నము పెట్టి, నిద్రింపనిండు. లెక్కలు తెల్లవారిన పిమ్మట అడుగవచ్చును.

రేపటి ప్రసంగమున ఋతుపర్ణుని రథము తాండ్రచెట్టు క్రింద ఆగును. కలి నలుని దేహమును విడిచి ఆ చెట్టులోనికి ఎట్లు పోయినాడో అప్పుడు చెప్పుకొందము.