షుగర్ డాక్టర్ కావాలంటే



మొన్న మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది, "మేడం, షుగర్‌కు వేరే డాక్టర్ ఉంటారా?" అని. ఉంటారమ్మా. ఎండోక్రైనాలజిస్ట్ అంటారు. షుగర్, థైరాయిడ్ చూస్తారు, కొలెస్ట్రాల్ కూడా చూస్తారు. షుగర్‌కు కొలెస్ట్రాల్ తోడైతే గుండెపోటు ముప్పు పెరుగుతుంది. అందుకే రెండూ కలిపి చూడాలి.

మా చిన్నమ్మ సంగతి చెప్తాను. ఆమెకు సికిల్ సెల్ జబ్బు ఉంది. దాహం, చూపు మసక, మనిషి చిక్కిపోయింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే మామూలుగానే వచ్చింది. షుగర్ లేదు పొమ్మన్నారు. ఏడాది తర్వాత ఇంకో డాక్టర్ "మీ ఇంట్లో సికిల్ సెల్ ఉందా?" అని ముందు అదే అడిగారు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీయించారు. షుగర్ బయటపడింది. అప్పటికే కంటికి దెబ్బ తగిలింది.

ఎందుకట్లయింది? ఎర్ర రక్తకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. దానికి అంటుకున్న చక్కెరనే ఆ పరీక్ష కొలుస్తుంది. సికిల్ సెల్ ఉంటే కణాలు తొందరగా చచ్చిపోతాయి, చక్కెర అంటుకునేంత టైమే ఉండదు. రిపోర్టులో అంకె తక్కువ చూపిస్తుంది. మన గోండు, కొలాం, పర్ధాన్ ఇండ్లల్లో సికిల్ సెల్ ఉందని మనకు తెలుసు. ఆ ప్రశ్న అడగాలని తోచే డాక్టర్ మన గూడెం నుంచే వస్తే ఎట్లుంటుందో ఆలోచించండి.

దారి పొడుగే, దాచను. ఇంటర్ బైపీసీ, నీట్. ఎంబీబీఎస్ నాలుగున్నర ఏళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు, డీఎం ఎండోక్రైనాలజీ ఇంకో మూడేళ్లు. మొత్తం పదకొండున్నర. 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 10 శాతమైంది. అదే ఏడాది మంచిర్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, మందమర్రి నుంచి బస్సు దూరం. డీఎం సీట్లకు మాత్రం రిజర్వేషన్ లేదు. అక్కడ మార్కులే.

కొలెస్ట్రాల్ మందుల కథ ఒకటి నాకు ఇష్టం. జపాన్‌లో అకిరా ఎండో అనే రైతుబిడ్డకు చిన్నప్పటి నుంచి పుట్టకొక్కులంటే మోజు. తొలకరికి అడవిలో ఏది తినేదో, ఏది విషమో మన అవ్వలు చెప్పినట్టే ఆయనకూ ఇంటి పెద్దలు చెప్పారు. పెద్దయ్యాక డాక్టర్ కాలేదు, బయోకెమిస్ట్ అయ్యారు. రెండేళ్లపాటు దాదాపు 6,000 రకాల బూజులు, శిలీంధ్రాలు పరీక్షించారు. 1973లో ఒక బూజు నుంచి తొలి స్టాటిన్ దొరికింది. ఇయ్యాల గుండె జబ్బోళ్లు రాత్రి పూట మింగే గోళీ ఆ ఇంటిదే. మీకు బూజు అంటే అసహ్యం, నాకు తెలుసు. హాస్టల్ రొట్టెల మీద చూసి ఎన్నిసార్లు నా మీదకు రాలేదు!

బైపీసీ తీసుకోవాలనుకునే పిల్లలు వచ్చే ఆదివారం పొద్దున పదింటికి హాస్టల్‌కు రండి, పాత నీట్ పేపర్లు పెట్టుకుని కూర్చుందాం. సికిల్ సెల్ పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్నవాళ్లు అది కూడా తెచ్చుకోండి. చేయించుకోనివాళ్లు ముందు నాకు చెప్పండి.