మాంటేన్ తన పుస్తకంలో చేర్చని వ్యాసం
(అధ్యక్షోపన్యాసం)



మన విశ్వవిద్యాలయాల్లో జాఁ బొదాఁను (బోడిన్ అంటే వెంటనే గుర్తుపడతారు) రాజనీతి శాస్త్రం వాళ్లు చదువుతారు, మాంటేన్‌ను సాహిత్యం వాళ్లు చదువుతారు. ఒక తరగతిలో సార్వభౌమాధికారం పాఠం, ఇంకో తరగతిలో వ్యాసప్రక్రియ పుట్టుక. ఈ పంపకాల్లో ఎవరి వాటాకూ రాకుండా పోయిన చిన్న పుస్తకం ఒకటుంది. ఎతియెన్ ద లా బొయెతీ రాసిన ‘స్వచ్ఛంద దాస్యం’. నాకిచ్చిన సమయమంతా దానికే వినియోగిస్తాను.

లా బొయెతీ 1530లో నైరుతి ఫ్రాన్సులోని సార్లా పట్టణంలో పుట్టాడు. అతనికి పద్దెనిమిదేళ్లు నిండకముందే, 1548లో, ఉప్పు పన్ను మీద ఆ ప్రాంతపు రైతాంగం తిరగబడింది. తిరుగుబాటు బోర్డో నగరానికి పాకి, అక్కడి రాజప్రతినిధిని జనం చంపేశారు. రాజు మోంమొరాఁసీ సేనానిని పంపాడు. ఉరికంబాలు లేచాయి, నగరం తన హక్కుల్ని పోగొట్టుకుంది. ఆ దారుణం చూసిన ఆగ్రహంతోనే లా బొయెతీ ఈ పుస్తకం రాశాడని చరిత్రకారుడు ద తూ అన్నాడు. కాదు, పదహారేళ్ల కుర్రవాడు సాధన కోసం రాసుకున్నదని అతని స్నేహితుడు మాంటేన్ అన్నాడు. మొదట పద్దెనిమిదేళ్లన్న మనిషే తర్వాత దాన్ని పదహారు చేశాడు. మిత్రుణ్ణి కాపాడుకోవాలన్న తాపత్రయం ఆ దిద్దుబాటులో నాకు కనిపిస్తుంది.

పుస్తకం వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది. రెండే కళ్లు, రెండే చేతులు ఉన్న ఒక్క మనిషికి లక్షల మంది ఎందుకు లోబడుతున్నారు? భయమనడానికి లేదు, ఒక్కణ్ణి చూసి అంతమంది భయపడరు. అతని బలమంతా మనం ఇచ్చిందే కాబట్టి కత్తి పట్టనక్కర్లేదు, ఇవ్వడం మానేస్తే చాలు అంటాడు లా బొయెతీ. మానలేకపోవడానికి మొదటి కారణం అలవాటు. రెండోది వినోదాలు: లిడియన్లను అణచడానికి పారశీక చక్రవర్తి సైరస్ సైన్యాన్ని కాపలా పెట్టకుండా మద్యశాలలు, వేశ్యాగృహాలు, ఆటలు పెట్టించిన కథ చెబుతాడు. మూడోదే అసలైన రహస్యం. నియంత చుట్టూ అయిదారుగురుంటారు. వాళ్ల మీద ఆధారపడి ఆరు వందల మంది, వాళ్ల కింద ఆరు వేల మంది. ప్రతివాడూ పైవాడికి తలవంచుతాడు, కిందివాడి దగ్గర ఆ మేరకు పిండుకుంటాడు. ఇలా దాస్యం అందరికీ కొద్దికొద్దిగా లాభసాటి వ్యాపారమవుతుంది. అధికారం గురించి ఇంత నగ్నంగా చెప్పిన పుస్తకం ఆ శతాబ్దంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

లా బొయెతీ, మాంటేన్ ఇద్దరూ బోర్డో పార్లమాలో, అంటే అక్కడి ఉన్నత న్యాయస్థానంలో, న్యాయమూర్తులు. స్నేహం కొన్నేళ్లే సాగింది. 1563లో ముప్పై రెండేళ్లకే లా బొయెతీ చనిపోతూ తన గ్రంథాలనూ కాగితాలనూ మిత్రుడికి అప్పగించాడు. 1571లో మాంటేన్ అతని అనువాదాలనూ పద్యాలనూ అచ్చు వేయించాడు గాని ‘స్వచ్ఛంద దాస్యం’ వేయించలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో సెయింట్ బార్తలోమ్యూ మారణకాండ జరిగింది. రాజు చేతిలోనే తమవాళ్లు హతులయ్యాక ప్రొటెస్టెంటు రచయితలు రాజధిక్కారానికి శాస్త్రం వెతకసాగారు. 1573లో ఒత్మాఁ ‘ఫ్రాంకోగాలియా’ వచ్చింది. 1574లో లా బొయెతీ పుస్తకంలో కొంత భాగాన్ని ఒక ప్రచార గ్రంథంలో కలిపేశారు, తర్వాత రెండు మూడేళ్లకే మొత్తం వెలువడింది. అటు బొదాఁ 1576లో ‘రిపబ్లిక్ ఆరు సంపుటాలు’ తెచ్చి, కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య సాగుతున్న ఈ అంతర్యుద్ధం ఆగాలంటే విభజించడానికి వీల్లేని సార్వభౌమాధికారం ఒక్కటే దారి అన్నాడు.

1580లో బోర్డోలో మాంటేన్ ‘వ్యాసాలు’ వెలువడ్డాయి. మొదటి సంపుటం నడిమధ్యన మిత్రుడి రచనను పెట్టాలని అతని సంకల్పం. ‘మైత్రి’ వ్యాసంలో దాన్ని పరిచయం చేసి, చివరికొచ్చేసరికి రాజ్యాన్ని కల్లోలపరిచేవాళ్లు దాన్ని వాడుకుంటున్నారు కాబట్టి చేర్చనని రాశాడు. దాని స్థానంలో 29 ప్రేమ సానెట్లు పెట్టాడు. అదే చోట, లా బొయెతీ తను రాసింది నమ్మి రాశాడనీ, సార్లాలో కన్నా గణతంత్రమైన వెనిస్‌లో పుట్టి ఉంటే సంతోషించేవాడనీ, అది సబబేననీ ఒప్పుకున్నాడు.

ఇలా చేర్చకపోవడాన్ని పిరికితనమనే విమర్శకులున్నారు. నేను అంగీకరించను. ఎందుకంటే అదే సంపుటంలో మరో రెండు వ్యాసాలు దాటగానే ‘నరభక్షకులు’ వస్తుంది. 1562లో రువాఁ నగరంలో పన్నెండేళ్ల రాజు తొమ్మిదో చార్లెస్ ముగ్గురు బ్రెజిల్ వాసులతో మాట్లాడాడని మాంటేన్ రాశాడు. గడ్డాలు పెంచి ఆయుధాలు పట్టిన ఇంతమంది మగవాళ్లు ఒక పిల్లవాడికి ఎందుకు లోబడుతున్నారని వాళ్లు ఆశ్చర్యపోయారట. కొందరు కడుపునిండా తింటుంటే వాళ్ల గుమ్మాల్లో ఆకలితో అడుక్కునేవాళ్లు ఎందుకు ఊరుకుంటున్నారని కూడా. ఇది లా బొయెతీ ప్రశ్నే. మిత్రుడి గ్రంథాన్ని పక్కన పెట్టిన మాంటేన్, అతని ప్రశ్నను మాత్రం పుస్తకంలోనే ఉంచాడు. రాజనీతి వాళ్లకు ఈ వ్యాసం చేరక, సాహిత్యం వాళ్లకు ఆ గ్రంథం చేరక ఈ బంధం మన తరగతుల్లో కనిపించకుండా పోతోంది.

ఈ ఆలోచన మన దేశం దాకా వచ్చిన దారి కూడా ఉంది. 1908లో టాల్‌స్టాయ్ హింసా ధర్మం, ప్రేమ ధర్మం గురించి రాస్తూ లా బొయెతీని విస్తారంగా ఉదహరించాడు. అదే ఏడాది ‘ఒక హిందువుకు లేఖ’లో, కోట్ల మంది భారతీయులు కొద్దిమంది వర్తకులకు లొంగడానికి ఆ లొంగేవాళ్ల సహకారమే కారణమన్నాడు. దాన్ని గాంధీ గుజరాతీలోకి అనువదించాడు. సహాయ నిరాకరణ చరిత్ర చదివే తెలుగు విద్యార్థి సార్లా దాకా వెనక్కి వెళ్లాలి.

ఫ్రెంచి నేర్చిన యువ పరిశోధకులకు నా విన్నపం ఇది. ‘స్వచ్ఛంద దాస్యం’ ఒక పూటలో చదవగలిగినంత చిన్నది. ఇంగ్లీషు మీదుగా కాకుండా మూలం నుంచే దాన్ని తెలుగు చేయండి. ‘మైత్రి’, ‘నరభక్షకులు’ వ్యాసాలను దానికి జతచేసి ఒకే సంపుటంగా తీసుకురండి. రాజనీతి, సాహిత్య శాఖల అధ్యాపకులు దాన్ని ఒకే తరగతి గదిలో కలిసి బోధించండి.