తుఫాను వేళ రెస్క్యూ జట్లు: మన సమాఖ్యలు చేయగలిగిన పని
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో దివిసీమ తీరంలోని ఒక గ్రామ సమాఖ్య నాయకురాలి ప్రసంగం)



ప్రతి ఏటా ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. మేము ఈరోజు ఇంకో లెక్క గురించి మాట్లాడతాం. తుఫాను రాత్రి మన ఊళ్ళో ఎవరు ఎక్కడున్నారు, ఎవరు రాలేదు అనే లెక్క.

దివిసీమ వాళ్ళకి తుఫాను గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందిమి అప్పటికి పుట్టలేదు. అత్తమ్మలు, అమ్మమ్మలు చెప్పగా విన్నాం. తెల్లారాక ఫలానా ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్ళో చెప్పడానికి కూడా మనిషి మిగల్లేదని వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత 1990లో, 1996లో కోనసీమలో, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాయి. ఇప్పుడు వాతావరణ శాఖ వాళ్ళు ముందే చెబుతున్నారు. తుఫాను షెల్టర్లు కట్టారు. ప్రాణనష్టం బాగా తగ్గింది. అది మంచి విషయమే.

అయితే ముందే చెప్పినా బయటికి రానివాళ్ళు ఉంటారు. గాలి మొదలయ్యాక ఇల్లు కూలినవాళ్ళు, నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళని వెతికి తీసుకురావాలి. దాని కోసం ప్రభుత్వానికి ఎన్‌డీఆర్‌ఎఫ్ ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద 2006లో పెట్టారు. మన 10వ బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. ఒక్కో బెటాలియన్‌కి 45 మందితో 18 టీములు ఉంటాయి. రాష్ట్రానికి ఎస్‌డీఆర్‌ఎఫ్ వేరేగా ఉంది. ఆ పిల్లలు ప్రాణాలకి తెగించి పనిచేస్తారు, మనం కళ్ళారా చూశాం.

ఒక్కసారి లెక్కేయండి. 18 టీములు. తుఫాను వస్తే ఒక్క మండలానికి రాదు కదా, తీరం పొడవునా వస్తుంది. ప్రతి ఊరికీ టీము ఎక్కడి నుంచి వస్తుంది? వచ్చినా దారిలో చెట్లు, కరెంటు స్తంభాలు పడి ఉంటాయి. ఫోన్లు పనిచేయవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అంత పెద్ద ఊళ్ళో, రోడ్డు పక్కనే అందరూ ఉండి కూడా, లోపలి సందుల్లోకి పడవలు పోలేక డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపించాల్సి వచ్చింది. అదే వారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వదిలారు. కింద లంక ఊళ్ళు మునిగాయి. పట్నంలోనే అలా ఉంటే, సముద్రం ఒడ్డున కరకట్ట అవతల ఉన్న మన ఊళ్ళ సంగతి ఏంటి? టీము వచ్చేదాకా మొదటి కొన్ని గంటలు ఊరే ఊరిని చూసుకోవాలి. ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఆ గంటల్లోనే.

అందుకని పోయిన ఏడాది మా గ్రామ సమాఖ్యలో ఒక జట్టు కట్టుకున్నాం. ఎలా కట్టుకున్నామో చెబుతాం. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటిది లెక్క. మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఆఖరిది. రెస్క్యూకి అదే మొదటిది. ఒక్కో సంఘానికి తన సభ్యుల ఇళ్ళు, వాటి పక్కిళ్ళు అప్పగించాం. ఇంట్లో ఎంతమంది, మంచం మీదున్న ముసలివాళ్ళెవరు, నెలలు నిండినవాళ్ళెవరు, నడవలేనివాళ్ళు, చూపులేనివాళ్ళు, రోజూ మందు వేసుకోవాల్సినవాళ్ళు ఎవరు అని రాశాం. రేషన్ కార్డుల జాబితా ఒక్కటే పెట్టుకుంటే సరిపోదని ఇంటింటికీ తిరిగినప్పుడు తెలిసింది. రొయ్యల చెరువుల గట్ల మీద పాకల్లో ఉండే కాపలా కుటుంబాలు ఏ కార్డులోనూ లేవు. పురిటికి వచ్చిన ఆడపిల్లలు లేరు. బాతులు మేపుకుంటూ వచ్చినవాళ్ళు, ఇటుక బట్టీల కూలీలు లేరు. జాబితాలో లేని మనిషి తప్పిపోతే, తప్పిపోయాడని కూడా ఎవరికీ తెలియదు. వెతికేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఎవరి కోసం వెతకాలో తెలియకపోతే ఏం లాభం? ఈ జాబితా మూడు కాపీలు రాశాం. ఒకటి వీఓఏ దగ్గర, ఒకటి పంచాయతీలో, ఇంకోటి ప్లాస్టిక్ కవర్లో వేసి షెల్టర్‌లో పెట్టాం. ప్రతి మూడు నెలలకీ సంఘం మీటింగులో సరిచూస్తున్నాం.

రెండోది మనుషులు. ఇరవై మందిమి, పది మంది ఆడవాళ్ళు, పది మంది మగవాళ్ళు. అయిదు పనులుగా పంచుకున్నాం. కబురు చెప్పడం, షెల్టర్ చూసుకోవడం, గాలింపు-రక్షణ, ప్రథమ చికిత్స, సహాయం పంచడం. ఇది మేము కనిపెట్టింది కాదు. మన బంగాళాఖాతానికే అవతలి ఒడ్డున బంగ్లాదేశ్ వాళ్ళు 1972 నుంచి తుఫాను సన్నద్ధత కార్యక్రమం పేరుతో నడుపుతున్నారు. ఇప్పుడు అక్కడ 70 వేల మందికి పైగా వాలంటీర్లు ఉన్నారు, అందులో సగం మంది ఆడవాళ్ళు. 1970లో అక్కడ వచ్చిన తుఫానులో లక్షల మంది చనిపోయారు. 1991లో ఇంకో లక్షా 38 వేల మంది, అందులో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ. 2020లో అంఫాన్ వచ్చినప్పుడు 20 లక్షల మందికి పైగా షెల్టర్లకు చేర్చారు. చనిపోయినవాళ్ళు వంద లోపే. తుఫాన్ల జోరు తగ్గలేదు, ఊరూరా మనుషులు తయారయ్యారు.

మూడోది సామాను. నైలాన్ మోకు, లైఫ్ జాకెట్లు, లారీ ట్యూబులు, చేతి రంపం, గొడ్డలి, టార్చిలైట్లు, బ్యాటరీ రేడియో, ఈలలు, స్ట్రెచర్‌కి రెండు వెదురు గడలు, గట్టి దుప్పటి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్లు, కలిపి కట్టిన కొబ్బరికాయలు, అరటి బోదెల తెప్ప కూడా నీళ్ళలో మనిషిని తేలుస్తాయి. పడవలున్న అన్నదమ్ముల పేర్లు రాసుకుని, గాలికి ముందే పడవలు ఎక్కడ కట్టాలో అనుకున్నాం. పాత చీరలు చింపి గుడ్డ పీలికలు చేశాం. ఇల్లు ఖాళీ అయితే తలుపుకి తెల్ల గుడ్డ, లోపల మనిషి ఉండి సాయం కావాల్సొస్తే ఎర్ర గుడ్డ. సుద్దముక్కతో రాస్తే వానకి పోతుంది, గుడ్డ పోదు. వెతికిన ఇంటినే మళ్ళీ వెతుక్కుంటూ పొద్దు పోగొట్టుకోం.

నాలుగోది కట్టుబాట్లు. జట్టులో చేరేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఏం చేయకూడదో. నీళ్ళలో మనిషి కనిపించగానే దూకకూడదు. ముందు కేక వేయాలి, తర్వాత గడ అందించాలి, తర్వాత తాడో ట్యూబో విసరాలి, తర్వాత పడవ. నీళ్ళలో దిగడం ఆఖరి మాట, అదీ శిక్షణ ఉన్నవాళ్ళే. పారే నీళ్ళు అడుగు లోతు లేకపోయినా మనిషిని పడేస్తాయి. ఒంటరిగా ఎవరూ పోకూడదు. తెగిన కరెంటు తీగ చచ్చి ఉందనుకోకూడదు. కూలిన ఇంటి దగ్గర అందరూ ఒక్కసారి మాటలాపి, పిలిచి, చెవి పెట్టి వినాలి. లోపలివాళ్ళ మూలుగు అప్పుడే వినపడుతుంది. మునిగిన మనిషిని తలకిందులు చేయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళల్లో అలవాటు. అది మానాలి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇచ్చి, గుండె మీద నొక్కాలి. ఇది చూసి వచ్చేది కాదు, నేర్చుకోవాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఇక మా మీటింగులోనే వచ్చిన ప్రశ్నలు చెబుతాం, మీకూ అవే వస్తాయి. ఈత రానివాళ్ళం మనమేం చేస్తామే అని ఒక పిన్ని అడిగింది. ఇరవై మందిలో నీళ్ళ మీదికి పోయేది నలుగురైదుగురే పిన్నీ, మిగతా పనంతా ఒడ్డునే ఉంటుంది అని చెప్పాం. ఇది మగవాళ్ళ పని కదా అని ఇంకొకరు అన్నారు. గేదెని వదిలి రానని కూర్చున్న ముసలమ్మని, బాలింతని, ఎదిగిన పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లిని రాత్రిపూట తలుపు కొట్టి బయటికి తేవాలంటే ఎవరి గొంతు విని తలుపు తీస్తారు? పొదుపు కట్టించుకోవడానికి ఇన్నేళ్ళుగా ఆ గుమ్మం ఎక్కినవాళ్ళం మనమే. ఆ నమ్మకం డబ్బు పెట్టి కొనేది కాదు. షెల్టర్‌లో ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి, లైటు, తలుపుకి గొళ్ళెం ఉన్నాయో లేదో కూడా మనమే ముందు చూడాలి. అవి లేకపోతే రమ్మన్నా రారు.

ఒక్క ఊరి జట్టు చాలదు. ఉప్పెన వస్తే తీరం ఊళ్ళన్నీ ఒకేసారి మునుగుతాయి. మా పక్క ఊరు కూడా మాలాగే నీళ్ళలో ఉంటుంది, వాళ్ళెలా వస్తారు? అందుకే తీరాన ఉన్న ఒక్కో ఊరికి మెరకన ఉన్న ఒక ఊరిని జత చేద్దామని మా మాట. మెరక ఊరి జట్టు దారి మీద చెట్లు కోసుకుంటూ తీరానికి వస్తుంది. మండల సమాఖ్య ఆఫీసు అందరికీ కేంద్రంగా ఉంటుంది. గాలి తగ్గిన గంటలోపు ప్రతి ఊరు తన లెక్క పంపాలి. ఇంతమంది షెల్టర్‌లో ఉన్నారు, ఇంతమంది రాలేదు అని. ఫోను లేకపోతే మనిషి సైకిలు మీద తేవాలి. ఏ ఊరి లెక్క రాదో ఆ ఊరికే ముందు పోవాలి. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు వచ్చాక వాళ్ళ మాటే మాట. మనం దారి చూపించి, జాబితా చేతికిస్తే వాళ్ళ పని సగం అయినట్టే.

ఈ సభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య రెండు నెలల్లోపు జట్టు పేర్లు, ఇంటింటి జాబితా మండల సమాఖ్యకు ఇవ్వాలి. రెండు, ఆపద మిత్ర లాంటి విపత్తు రక్షణ శిక్షణకు మన జట్ల పేర్లు, అందులో ఆడవాళ్ళ పేర్లు కూడా తీసుకోమని తహసీల్దారు గారి ద్వారా కలెక్టరు గారికి అర్జీ పెట్టాలి. మూడు, సామాను కోసం సభ్యుల పొదుపు ముట్టుకోకుండా, గ్రామ సమాఖ్య సొంత నిధి నుంచి కొంత, పంచాయతీ నుంచి కొంత అడగాలి. నాలుగు, ఏటా వేసవి తుఫానులకు ముందు ఒకసారి, అక్టోబరుకి ముందు ఒకసారి జంట ఊళ్ళు కలిసి రిహార్సల్ చేయాలి.

నంబర్లు మీ సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోండి. రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077, అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108.

అప్పు వాయిదా ఒక్కటి తప్పితే, ఎవరిది, ఎందుకు తప్పిందని ఆ సాయంత్రానికే ఇంటికి వెళ్ళి అడుగుతాం. తుఫాను రాత్రి ఒక మనిషి తప్పితే అంతే పట్టుదలగా అడగాలి. తీర్మానాల మీద చేతులెత్తి, సంతకాలు పెట్టి వెళ్ళమని అందరినీ కోరుతున్నాం.