వీలునామా: వ్రాతయు సాక్ష్యమును



ఈ రజతోత్సవ సభలో నేను మాటలాడుదునన్నప్పుడు భారతమునుండి ఏదేని ఘట్టము చెప్పుదునని పలువురు తలచియుందురు. గ్రామపు లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక నేడు ఆస్తిపాస్తుల ముచ్చట యెత్తుకొన్నాను. ఇదియు భారతమునకు దూరమైనది కాదు. దాయభాగమును గూర్చిన కలహమే గదా ఆ మహాగ్రంథమునకు బీజము!

మన ప్రాచీన ధర్మశాస్త్రములలో వీలునామా కానరాదు. పదమూడవ శతాబ్దమున కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయమునకు మూలమైన మితాక్షర, పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోనే హక్కు కలదని చెప్పినది. అట్టిచోట మరణించువాని యిచ్ఛకు తావు తక్కువ. ఈ పద్ధతి ఆంగ్లేయుల యేలుబడిలో న్యాయస్థానముల మూలమున స్థిరపడినది. 1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి, 1927 జనవరి 1వ తేదీ మొదలుకొని హిందువులు వ్రాయు వీలునామాలు లిఖితరూపమున, ఇద్దరు సాక్షులతో నుండవలెను.

క్రయదస్తావేజుపై సందేహము కలిగినచో అమ్మినవానిని పిలిచి యడుగవచ్చును. వీలునామా యట్లు కాదు. వ్రాసినవాడు కన్నుమూసిన పిదపనే అది నోరు విప్పును. ఇందలి నియమములన్నింటికిని ఇదియే కారణము. కావున మూడు సంగతులు మనవి చేసెదను.

మొదటిది, తనది కాని దానిని వ్రాయరాదు. స్వార్జితమును ఎవరికైన వ్రాయవచ్చును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 30వ సెక్షను ననుసరించి ఉమ్మడి ఆస్తిలో తన భాగమును గూడ వ్రాయవచ్చును. ఇతరుల భాగమును మాత్రము వ్రాయజాలడు. ఆ యితరులలో కుమార్తెలును కలరు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు, 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను వివాహితలకు సైతము ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కలిగినది. ఈ హక్కు పుట్టుకతో వచ్చినదే గాని, 2005 నాటికి తండ్రి జీవించియుండుటపై ఆధారపడినది కాదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పినది. పెండ్లినాడు కట్నమిచ్చితిమి గదా యని పిత్రార్జితమంతయు కుమారుల పేర వ్రాసినచో, ఆ కాగితము ఆడపడుచుల భాగమును హరింపజాలదు.

రెండవది సాక్ష్యము. వ్రాసినవాడు సంతకము చేయుటనో వ్రేలిముద్ర వేయుటనో సాక్షి కన్నులార చూడవలెను. లేదా అది తనదేయని అతని నోట వినవలెను. పిదప అతని యెదుటనే సాక్షియు సంతకము చేయవలెను. వ్రాయసకాడు కాగితము తీసికొనిపోయి సాక్షి యింటి అరుగుమీద సంతకము చేయించుకొనుట పల్లెలలో కలదు. ఆ సాక్షి కోర్టులో నిజము చెప్పిననాడు ఆ వీలునామా నిలువదు. సాక్షులలో ఒకడైన జీవించియుండి రాగలవాడైనచో అతనిని విచారింపక వీలునామాను రుజువుగా గైకొనరు. పూర్వపు సాక్ష్య చట్టములోని ఈ నియమమే 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను కలదు. రిజిస్టరు చేయించినను ఈ విచారణ తప్పదు. కావున తమకంటె చిన్నవారిని, ఆస్తిలో ఏమియు పొందనివారిని సాక్షులుగా నుంచుకొనుట మేలు. ఆస్తి పొందువాడే ముందుండి వీలునామా వ్రాయించినచో అది అనుమానమునకు హేతువనియు, ఆ యనుమానమును తీర్చు భారము వానిదే యనియు 1958 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, భార్యను గూర్చిన మాట. “నా భార్య యావజ్జీవము అనుభవించి, తదనంతరము నా కుమారులు పొందవలెను” అని వ్రాయుట మనకు వాడుక. పై వాక్యమున “దానవిక్రయాది సర్వహక్కులతో” అని, క్రింది వాక్యమున “తదనంతరము” అని వ్రాసినవియు కలవు. ఈ రెండు మాటల నడుమ ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచినవి. మనోవర్తి హక్కునకు బదులుగా స్త్రీకి సంక్రమించిన ఆస్తి, పరిమితులు వ్రాసియున్నను, 14వ సెక్షనువలన ఆమెకు సంపూర్ణముగా దక్కునని సుప్రీంకోర్టు 1977లో తులశమ్మ కేసులో నిర్ణయించినది. ఆ వ్యాజ్యము మన ఆంధ్రదేశమునుండి వెళ్లినదే. పూర్వహక్కు లేక వీలునామావలననే క్రొత్తగా ఇచ్చిన పరిమితహక్కు పరిమితముగానే యుండునని అదే సెక్షనులోని రెండవ భాగము చెప్పుచున్నది. ఏది యెందు చేరునను విషయమున తీర్పులు పరస్పరము పొసగకుండుట గమనించి, 2024 డిసెంబరులో ఆ న్యాయస్థానమే దీనిని విస్తృత ధర్మాసనమునకు నివేదించినది.

పండితులైన న్యాయమూర్తులే ఇంత తర్కింపవలసివచ్చిన మాటను మనము అలవాటుచొప్పున వ్రాయుట తగునా? భార్యకు పూర్ణహక్కు ఇయ్యదలచినచో ఆ మాటయే వ్రాసి ఆగుడు. జీవితకాలపు అనుభవమే యియ్యదలచినచో, ఎందులకో, ఏ ఆస్తిలోనో, వైద్యావసరమునకు అమ్ముకొను హక్కు ఆమెకు కలదో లేదో విప్పి వ్రాయుడు. నా మట్టుకు, నలువది యేండ్లు పొలమునకు అన్నము మోసిన యిల్లాలు మందుల ఖర్చునకు కుమారుని సంతకము కొరకు వేచియుండుట న్యాయమని తోచదు. కనీసము ఉన్న యిల్లయినను ఆమెకు సంపూర్ణముగా నిచ్చుట ధర్మము.

వీలునామాకు స్టాంపు రుసుము లేదు. రిజిస్ట్రేషను ఐచ్ఛికము, అయినను చేయించుట మంచిది. జీవించియున్నంతకాలము దానిని మార్చవచ్చును, రద్దు చేయవచ్చును. కావున తేదీ తప్పక వేయుడు. తెలివి స్థిరముగా నున్నప్పుడే వ్రాయుడు. కడపటి గడియలో మంచము చుట్టును చేరినవారు వ్రాయించు కాగితము కలహమునకే విత్తనము.

ఈ గ్రంథాలయమున పురాణముల సరసన చట్టముల పుస్తకములును కొన్ని యుండవలెనని, యువకులు వానిని చదివి తల్లిదండ్రులకు వినిపింపవలెనని నా ప్రార్థన.  ఈ సరస్వతీ నిలయము చిరకాలము వర్ధిల్లుగాక!