డబ్బు ఫోన్లో పంపినా, మనం మాత్రం మీటింగుకి రావాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మీ సంఘం ఒక్క కంతు కూడా తప్పకుండా బ్యాంకు అప్పు ఎట్లా కట్టిందో చెప్పండి అని మమ్మల్ని పిలిచారు. సంతోషం. కానీ ఆ లెక్క వెనక మేము చేసిన తప్పు ఒకటుంది. అది దాచిపెట్టి చప్పట్లు కొట్టించుకుంటే బాగుండదని మా పదిమందీ అనుకున్నాం. అందుకే ముందు అదే చెప్తాం.

2020లో కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టినప్పుడు మీ అందరి లాగే మా మీటింగులూ ఆగిపోయాయి. అప్పుడు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొదుపు, కంతు ఫోన్‌పేలో లీడరుకి పంపడం, లీడరు సంఘం ఖాతాలో వేసి రసీదు ఫోటో గ్రూపులో పెట్టడం. ఆ రోజుల్లో అదే మమ్మల్ని కాపాడింది. అబద్ధం చెప్పకూడదు, ఫోన్ వల్ల మేలు చాలా ఉంది. బ్యాంకు దగ్గర లైన్లో నిలబడి ఒక పూట కూలి పోగొట్టుకునే బాధ తప్పింది.

అయితే కరోనా పోయింది గానీ, మీటింగు మళ్లీ రాలేదు. "డబ్బు పంపేశాం కదక్కా, ఇంకెందుకు రావడం" అన్నారు ఒకరిద్దరు. మాకూ సుఖంగానే అనిపించింది. తీర్మానం పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించాం. హాజరు పదిమంది అని రాశాం. అసలు ఎవరం కూర్చోలేదు. అదీ మా తప్పు.

గ్రూపులో ఏది పెట్టినా అందరం బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్లం. మా పెద్దమ్మ ఒకామె నవ్వుతా అంది, "ఒకప్పుడు వేలిముద్ర వేశాం, కష్టపడి సంతకం నేర్చుకున్నాం, మళ్లీ బొటనవేలికే వచ్చాం గదే" అని. అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత ఆ మాటకి ఏడ్చాం.

మా సంఘంలో ఒక చెల్లెలుంది. ఆమె చెప్పమంటేనే చెప్తున్నాం, పేరు మాత్రం చెప్పం. ప్రతి నెలా 5వ తేదీకల్లా అందరికంటే ముందు కంతు పంపేది. "చూడండి, ఆమెని చూసి నేర్చుకోండి" అని గ్రూపులో మెచ్చుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే మా ఫోన్లకి తెలియని నంబర్ల నుంచి ఆమె ఫోటో వచ్చింది. కింద దొంగ అని రాసి ఉంది. ఇంకా రాయకూడని మాటలు రాశారు. ఆమె ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ పంపించారు. చుట్టాలకి, పిల్లాడి మాస్టారికి కూడా.

పరిగెత్తుకుంటూ వాళ్లింటికి పోయాం. తలుపు వేసుకుని ఉంది. చాలాసేపు పిలిస్తే తీసింది. అప్పుడు తెలిసింది. ఆమె భర్త తాపీ పని చేస్తాడు. పరంజా మీద నుంచి పడి కాలు విరిగి నాలుగు నెలలుగా మంచం మీద ఉన్నాడు. మేముండేది అదే ఊళ్లో, రెండు వీధుల అవతల. అంత దూరంలో ఉండి మాకు తెలియలేదు. కంతు ఆలస్యమైతే సంఘానికి చెడ్డపేరని ఫోన్లో వచ్చే లోన్ యాప్‌లో 4,000 అప్పు పెట్టింది. పట్టుకోళ్లు పోను చేతికొచ్చింది 2,400. వారంలో మొత్తం కట్టాలి. కట్టలేక ఇంకో యాప్, అది తీర్చడానికి ఇంకోటి. ఆ డబ్బుతోనే మాకు కంతు పంపింది. మేము బొటనవేలు బొమ్మ పెట్టాం.

అదే సమయంలో మా సంఘం ఖాతాలో 18,000 అంతర్గత అప్పుకి ఉన్న డబ్బు ఊరికే పడి ఉంది.

"ఎందుకమ్మా మాకు చెప్పలేదు" అని అడిగాం. ఆమె అన్న మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది. "ఎక్కడ చెప్పను అక్కా? గ్రూపులో రాస్తే మీ ఇళ్లల్లో మగాళ్లందరూ చదువుతారు. ఫోన్ చేస్తే బాగున్నావా అని అడుగుతారు, బాగున్నా అంటాను."

నిజమే కదా. మనలో ఎంతమందికి సొంత ఫోన్ ఉంది? సగం మందికి మొగుడిదో కొడుకుదో ఫోన్. మన మాట మన మధ్యే ఉండే చోటు ఆ మీటింగు ఒక్కటే. అక్కడ చాప పరుచుకుని గుండ్రంగా కూర్చుంటే, ఒకామె చిక్కుళ్లు ఒలుచుకుంటా, ఒకామె పిల్లకి జడేసుకుంటా ఉంటే, ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో తెలిసిపోతుంది. చెవులకి కమ్మలు లేకపోతే "ఏమే, తాకట్టు పెట్టావా" అని పక్కామె అడుగుతుంది. లెక్కలైపోయాక అప్పు ఎవరికి కావాలి అనే మాట వస్తుంది. నోరు లేని వాళ్లకి పక్కామె నోరిస్తుంది. ఫోన్‌కి డబ్బు అందిందో లేదో తెలుసు గానీ, అది ఎక్కడి నుంచి తెచ్చిందో తెలియదు.

మన పెద్దక్కలకి గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి చదువులకి వచ్చి కూర్చున్నారు. అక్షరాలు దిద్దుకుంటా, సారా వల్ల ఇళ్లల్లో పడే బాధలు చెప్పుకున్నారు. నా ఒక్కదాని కష్టం అనుకున్నది అందరి కష్టమని తెలిసింది. సారా అంగడి ముందు నిలబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి పొదుపు కూడా ఆ జిల్లాలో ఆ ఊపులోనే పెరిగింది. పొదుపు తర్వాత వచ్చింది, కూర్చుని మాట్లాడుకోవడం ముందు వచ్చింది. పంచసూత్రాల్లో కూడా మొదటిది క్రమం తప్పని సమావేశమే. మేము మొదటిది వదిలేసి మిగతా నాలుగూ చేస్తున్నాం అనుకున్నాం.

ఆ రోజు ఏం చేశామంటే, సైబర్ మోసాలకి ఉన్న 1930 నంబరుకి ఆమె చేతే ఫోన్ చేయించాం. వచ్చిన మెసేజీలు తుడిచేయకుండా దాచి, నలుగురం తోడు వెళ్లి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇప్పించాం. చుట్టాలకి మేమే ఫోన్లు చేసి, ఆమె ఏ తప్పూ చేయలేదని చెప్పాం. ఆసుపత్రికి, ఇంటి ఖర్చుకి అంతర్గత అప్పు 10,000 ఇచ్చాం. మూడు నెలలు ఆమె కంతు తొమ్మిదిమందిమి పంచుకుని కట్టాం. మీరు చెప్పమన్న లెక్క అదే. ఇప్పుడు ఆమె భర్త కర్ర సాయంతో నడుస్తున్నాడు. ఆమె మాకు తిరిగి కడుతోంది.

తర్వాత కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. డబ్బు ఫోన్లో పంపొచ్చు, మనిషి మాత్రం రావాలి. నెలకి రెండు శనివారాలు, సాయంత్రం ఆరింటికి, రామాలయం అరుగు మీద. ఫోన్లన్నీ ఒక సంచిలో వేస్తాం. సంతకం అక్కడే, ఇంటికి పుస్తకం పోదు. రాని మనిషి కోసం మర్నాడు ఇద్దరు వాళ్లింటికి వెళ్లాలి, జరిమానా అడగడానికి కాదు, ఎట్లా ఉందో చూడటానికి. వారం వారం కూర్చోవాలన్నది సూత్రం, అంతవరకు ఇంకా రాలేదు. వస్తాం.

మొదటి శనివారం ఐదుగురే వచ్చారు. సీరియల్ టైమని ఒకరు, వంట అని ఒకరు. ఇప్పుడు పదిమందీ వస్తున్నారు. అరగంటలో లెక్కలైపోతాయి, కానీ ఎనిమిదింటి దాకా ఎవరూ లేవరు.

అక్కచెల్లెళ్లారా, మా మీద కోపం తెచ్చుకోకుండా ఒక్క పని చేయండి. ఇంటికెళ్లి మీ తీర్మానం పుస్తకం తీయండి. పోయిన నెల హాజరు రాసిన వాళ్లలో నిజంగా ఎంతమంది మొహం చూశారో గుర్తు చేసుకోండి. గుర్తు రాని మొహం ఉంటే, మెసేజ్ పెట్టకండి. రేపు పొద్దున వాళ్లింటికి వెళ్లి, ఒక గ్లాసు టీ తాగి రండి.